వరహాలు కప్పిన మంచు సముద్రం

వరహాలు నోరు తెరిస్తే హార్బరులో కాకులు కూడా చేపల బుట్టలు వదిలేసి వింటాయని నూకాలు అంటూండేది. ఫిషింగ్ హార్బరు జెట్టీ పక్కన టీ బడ్డీ ఆమెదే. వరహాలు ఆ మాటని మెప్పుగానే తీసుకునేవాడు. కానీ ఎనభై ఆరో సంవత్సరం, రోహిణి కార్తెలో, ఆ మధ్యాహ్నం మాత్రం అతని నోటి మీద రెండు కాపురాలు ఆధారపడి ఉన్నాయి. ఒకటి అతనిది, రెండోది తవిటయ్యది.

మంగాయమ్మగారి బోటుకి సరంగు కావాలి. బోటు నడిపించాలన్నా, వల ఎక్కడ వెయ్యాలో చెప్పాలన్నా సరంగే. ఆవిడ కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ సత్యం అనే ఇంకో సరంగుకి ఇద్దామనుకుంటూంటే, ఆ బోటులోనే పనిచేసే తవిటయ్య అడ్డుపడ్డాడు. తన చెల్లెలి మొగుడు వరహాలుకి ఇమ్మని, అతను తప్పు చేస్తే తనని కూడా బోటు దింపెయ్యమని పూచీ పడ్డాడు. ఆవిడ సరేనని ఒక్కటే షరతు పెట్టింది. సాయంత్రం నాలుగింటికి తాను వచ్చేసరికి నలభై ఐసు దిమ్మలూ పొడి అయి బోటులోకి ఎక్కి ఉండాలి. వారం రోజులు సముద్రం మీద రొయ్యలు కుళ్ళకుండా ఉండాలంటే ఐసే ప్రాణం మరి.

రెండింటికి ఐసు బండి వచ్చింది. దాని వెనకాలే కరెంటు పోయింది. ఐసు ఆడించే మిషను ఆగిపోయింది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో హార్బరులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దిమ్మల మీద ఊక పోసి, తడి గోనెలు కప్పాలి. ఊకా, గోనెల కట్టా బండి మీదే ఉన్నాయి. వరహాలు కట్ట విప్పాడు కూడా. ఇంతలో బోటులో పనిచేసే కుర్రకళాసీ ఒకడు, దక్షిణ ధ్రువంలో ఐసు కూడా ఇలాగే ఉంటుందా అని అడిగాడు. ఇంకేముంది, వరహాలు చేతిలో గోనె అక్కడే నేల మీద పరుచుకుంది. దాని మీద వరహాలు కూచున్నాడు. తలో గోనె లాక్కుని బడ్డీ నీడలో అందరూ కూచున్నారు.

రెండేళ్ళ కిందట అతను సైంటిస్టుల ఓడలో వంటవాడికి సాయంగా గోవా నుంచి మంచు దేశానికి వెళ్ళొచ్చిన మాట నిజమే. అయిదు నెలలు ఊళ్ళో లేడు. అంతవరకు అందరూ ఒప్పుకుంటారు.

"ఒక రోజు సైంటిస్టు బాబుకి మంచులో కన్నం కొట్టడానికి మనిషి దొరక్కపోతే నాను కొట్టినాను. తొంగి సూద్దును కదా, మంచు అడుగంతా పచ్చగా పాచి. పాడుబడ్డ నూతి గోడలాగ. ఆ పాచిని రొయ్యపిల్లలు తల్లకిందులుగా ఏలాడి మేత్తన్నాయి. గోరంతేసి. మన పశువులకి గడ్డి నేల మీద మొలుత్తాది, ఆటికి ఇంటి కప్పుకి మొలుత్తాది బావా."

రొయ్య అన్న మాట వినగానే కళాసీలు ముందుకి జరిగారు. తవిటయ్య మాత్రం బండి వైపు చూశాడు. చక్రం పక్కన తడి, రూపాయి బిళ్ళంత. కప్పేసి వచ్చి చెప్పరాదా బావా అని మెల్లగా అన్నాడు.

"కూకో బావా. నలబై దిమ్మలు. కరెంటొచ్చే వరకూ ఎక్కడికి పోతాయేటి? ఆ తరవాత ఏటైందో తెలుసా?"

చలికాలమంతా ఆ పిల్లలకి ఆ పాచే కూడు, ఆ మంచే గొడుగు అట. అయితే సముద్రం ఏడాదికేడాది వెచ్చబడుతోందని, మంచు ఆలస్యంగా కట్టి ముందుగా విడిపోతోందని సైంటిస్టు బాబు చెప్పాడట. కప్పు పోతే మేత పోయినట్టే. పిల్లలు పోతే వాటిని తిని బతికే పక్షుల దగ్గర్నుంచి తిమింగలాల దాకా అన్నిటికీ ఆకలే. ఇది చెప్పేటప్పుడు వరహాలు గొంతు కొంచెం తగ్గింది. లేవబోయిన తవిటయ్య మళ్ళీ కూచున్నాడు. వలలో ఎగిరిపడే రొయ్యలు అతని కళ్ళ ముందు కదిలాయి.

మరి నువ్వేటి సేసినావని నూకాలు గ్లాసులు కడుగుతూ దెప్పింది. వరహాలుకి కావలసింది అదే.

గాజువాకంత మంచుపలక ఒకటి విరిగి, కింద మేసే పిల్లల్తో సహా కొట్టుకుపోతూంటే, తాను గావంచా బిగించి నీళ్ళలోకి దూకి, మోకు కొస పళ్ళతో పట్టి ఓడకి కట్టేశాడట. దొరలు చూసి టోపీలు తీశారట. గావంచా గడ్డకట్టి రేకులా అయిందట.

బండి కింది తడి ఇప్పుడు కాలవ కట్టి బడ్డీ వైపు పాకుతోంది. మూడున్నర దాటింది. ఎండ దిమ్మల మీదికి తిరిగింది.  తవిటయ్య బావా అని ఇంకోసారి పిలిచాడు. కళాసీలు అతన్నే ఉష్ అన్నారు.

"అది సిన్న పలక. దాని ఎనకాల డాల్ఫిన్ నోసు కాడినుంచి రుషికొండ దాకా ఉంటాది, అంత మంచూ సళ్ళిపోయి కరగతంది. పిల్లలు నా కేసే సూత్తన్నాయి. మావా, మా కప్పు పోతంది అన్నట్టు. అప్పుడు మన హార్బరు పని గురుతొచ్చింది నాకు. నలబై లచ్చల గోనెలు తెప్పించినాను."

"ఎవులు కుట్టినారు?" అంది నూకాలు.

"నానే. మూడు రోజులు సూది దించనేదు. సముద్రమంతా ఒకటే దుప్పటి. గాలికి ఎగిరిపోతాదని నాలుగు మూలలా నాలుగు తిమింగలాలు పట్టుకున్నాయి. సూరీడు వొచ్చి ఎక్కడా సందు దొరక్క ఎనక్కెళ్ళిపోనాడు." కాలవ అతని పాదాల కిందికి వచ్చింది. వరహాలు కాళ్ళు ఆ నీళ్ళలో ఆడించాడు. "ఆ సలవ సూడండి, ఇప్పటికీ నా అరికాళ్ళలో ఉండిపోనాది."

ఎవరూ నవ్వలేదు. వరహాలు వెనక మంగాయమ్మగారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విన్నదో తెలియదు. 

"నలభై లక్షల గోనెలు కప్పావు కదా వరహాలూ," అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "ఇప్పుడు నువ్వు కూచున్నది ఏమిటి?"

వరహాలు కిందికి చూసుకున్నాడు. కళాసీలు కూడా ఎవరి కిందికి వాళ్ళు చూసుకున్నారు. తవిటయ్య చెయ్యి కిందికి పోనిచ్చాడు. అరచేతికి గోనె తగిలింది. పొడిగా, వెచ్చగా. ఇంతసేపూ ఇంకొకళ్ళ నోటి మీద కోపం తెచ్చుకున్న తను, తన కింది గోనెనైనా తీసుకెళ్ళి కప్పలేదు.

అందరికంటే ముందు అతనే లేచాడు. బండి మీద దిమ్మలని చెప్పుకోదగ్గవి పదిహేనే మిగిలాయి. అవి కూడా అరిగిపోయి పలకలైనాయి. వాటితో బోటు కదలదు. రేపు ఐసు వచ్చాక సత్యం బోటు తీస్తాడని మంగాయమ్మగారు చెప్పేసింది. తవిటయ్య వైపు తిరిగి, నీ పూచీ మాట రేపు చూద్దాం, ముందు అవి కప్పించు అని వెళ్ళిపోయింది.

వరహాలు ఊక పోశాడు. తన గోనె తడిపి పరిచాడు, అంచులు రెండుసార్లు నొక్కాడు. అంతసేపు నోరు మూసుకుని ఉండడం హార్బరు చూడ్డం అదే మొదలు. నూకాలే ఉండబట్టలేక అడిగింది.

"ఇంతకీ ఆ రొయ్యపిల్లలు ఏటైనాయి వరహాలూ? నిజం సెప్పు."

అతను గోనె మీంచి చెయ్యి తియ్యలేదు.

"తెల్దప్పా," అన్నాడు. "కరగతంటే సూసి, వొచ్చీసినాం."