మూత దగ్గర మనిషి

గొట్టాల మేస్త్రీ బల్ల మీద కూర్చుని గ్లాసు చేతిలోకి తీసుకున్నాడంటే ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇక ఎవరి పనీ సాగదు. దర్జీ మెడలో టేపు తియ్యకుండానే వచ్చేస్తాడు. రిటైరైన లెక్కల పంతులు ఇంట్లో టీ తాగొచ్చి కూడా ఇంకోటి చెప్తాడు. మేస్త్రీ మాటలు కోటలు దాటతాయని అందరికీ తెలుసు, తెలిసే వింటారు. మురుగు గొట్టాలు బాగుచేసేవాడికి ఇంత దర్జా ఏమిటని ఎవరూ అనరు. ఎవరింటికి ఎప్పుడు ఆ గతి పడుతుందో చెప్పలేం కదా.

కొట్టు నడిపే అక్క మాత్రం వేరే దానికోసం వింటుంది. ఆమె భర్త, మేస్త్రీ ఇద్దరూ జోడీ పనివాళ్ళు. ఆమె పెళ్ళికి ముందు నుంచీ ఇద్దరూ ఒకే సంచీ మోసుకు తిరిగారు, ఒకరినొకరు బావా అనుకున్నారు. కిందటేడు కామెర్లొచ్చి ఆయన పోయాడు. అప్పట్నుంచీ మేస్త్రీ రోజూ వచ్చి కథలు చెప్తూనే ఉన్నాడు, ఒక్కదాంట్లోనూ ఆయన ఊసు లేదు. అన్నిట్లోనూ మేస్త్రీ ఒక్కడే వీరుడు. పనిలో ఆయన్ని చూసినవాడు లోకంలో ఈ ఒక్కడే మరి, ఇవాళైనా ఒక మాట అంటాడేమోనని ఆమె చెవి అటు వేసి పాలు కాస్తుంది. అనకపోతే ఆ పూట అన్నం సహించదు.

"చిన్న పనేలే," అని ఎత్తుకున్నాడు మేస్త్రీ. "మూల మేడింటావిడ కబురు పెట్టింది, వంటింటి సింకులో నీళ్ళు దిగట్లేదని. ఒక్క సింకే అయితే నేనెందుకు, కింద గొట్టం వంపు విప్పి కడిగితే పోతుంది. నేనేం చేశానో తెలుసా? సింకులో ఓ బకెట్టు నీళ్ళు కుమ్మరించి, గబగబా బాత్రూములోకెళ్ళి నిలబడ్డా. నేల మీద జాలీలోంచి గుడగుడమని చప్పుడు. అంటే ఏంటి పంతులు గారూ?"

"నువ్వే చెప్పవయ్యా."

"అంటే జబ్బు సింకుది కాదు, రెండూ వెళ్ళి కలిసే పెద్ద గొట్టానిది. పెరట్లో మురుగు గుంట మూత తీసి చూశా. లోపల పొడిగా ఉంటే అడ్డం ఇంటివైపు, నిండుగా ఉంటే వీధివైపు. ఇది నిండుకుండలా ఉంది."

ఇంతదాకా నిజమేనని అక్కకి తెలుసు. ఆయన కూడా అన్నం తింటూ ఇవే చెప్పేవాడు. కంచం ముందు ఆ కంపు మాటలేంటని ఆమె కసిరేది. చెప్పనిస్తే నా సొమ్మేం పోయేదని ఇప్పుడు బాధపడుతుంది.

"అప్పుడు పెరట్లో బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించా," అన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి. "ముందు ఆ ఇంటి గొట్టం వినిపించింది. ఇంకాస్త ఆనిస్తే వీధి గొట్టం. ఇంకాస్త ఆనిస్తే పక్క వీధి. అక్కడ ఓ ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్నారు, అదీ వినిపించింది. తప్పెవరిదో కూడా తెలిసిపోయింది."

"ఎవరిది?" అన్నాడు దర్జీ.

"ఇద్దరిదీను. మధ్యలో అడ్డం పడకు. సంచీలోంచి గొట్టంలోకి తోసే కర్రలు తీశా. మర తిప్పి ఒకదానికొకటి బిగించుకుంటూ తొయ్యడమే కదా. ఒకటి పోయింది, రెండోది పోయింది, అడ్డం తగల్లేదు. తెచ్చినవన్నీ అయిపోయాయి. మేడింటావిడ తలుపు గడియలిచ్చింది, చీపుళ్ళిచ్చింది, పందిరి గుంజలు పీకిచ్చింది. అన్నీ కట్టి తోశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్తేగా తెలిసేది."

"కర్ర మార్కెట్టు కిందగా పోయింది, కాటాలన్నీ ఓ పక్కకి ఒరిగాయి. ఆ రోజు కూరలు కొన్నవాళ్ళు అదృష్టవంతులు. రైలు స్టేషను కిందగా పోయింది, ఆగున్న బండి కూత పెట్టకుండానే కదిలింది. ఏటి అడుగున పోతుంటే చేపలొచ్చి కర్రని గీకడం చేతికి తెలుస్తోంది. అలా అలా పోయి పొరుగూళ్ళో పెద్దాఫీసరు గారు గడ్డం గీసుకుంటుంటే, ఆయన సింకులోంచి పైకి లేచింది. ఆయన గట్టి మనిషి, కంగారుపడలేదు. దాని కొనకి తువ్వాలు తగిలించి పనికెళ్ళిపోయాడు."

పంతులు టీ ఉఫ్‌మని ఊది, "దూరం లెక్క సరిపోవట్లేదు," అన్నాడు.

"లెక్క తర్వాత చూసుకుందురు గాని, లాగడం సంగతి వినండి. కాలు గోడకి తన్నిపెట్టి లాగా. పిల్లల మేజోళ్ళొచ్చాయి, దుప్పటొచ్చింది, సైకిలొచ్చింది, ఎప్పుడో పోయిన గోడగడియారం టిక్కుటిక్కుమంటూనే వచ్చింది. అయినా కర్ర కదలదు. ఊపిరి బిగబట్టి ఇంకో లాగు లాగా. ఏం జరిగిందనుకున్నారు? ఆ పొరుగూరికి పొరుగూరే ఇటు జానెడు జరిగింది. కావాలంటే చూసుకోండి, అక్కణ్ణుంచొచ్చే బస్సు ఇప్పుడు కాస్త ముందే వస్తోంది."

దర్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క నవ్వలేదు. ఇవాళా అంతే, గొట్టం ఏరు దాటింది గాని ఆయన మాత్రం రాలేదు. గరిటె గిన్నె మీద పెట్టి ఇటు తిరిగింది.

"అన్నయ్యా, తొయ్యడం ఎక్కడ ఆపాలో నీకెలా తెలిసింది?"

"చేతికి తెలిసిపోతుంది చెల్లెమ్మా."

"తెలీదు. తోసేవాడి చేతికి ఏమీ తెలీదని ఆయన చెప్పేవారు. ఇక్కడ ఒకరు తోస్తుంటే, అవతల వీధి మూత దగ్గర ఒకరు కూర్చుని చూడాలంట. కర్ర కొన కనపడగానే కేకెయ్యాలంట. లేకపోతే అది పోయి ఎక్కడో ఇరుక్కుని విరుగుతుందంట. మరి నువ్వు ఏడాదిగా ఇన్ని కథలు చెప్పావు, అవతల మూత దగ్గర ఒక్క మనిషీ లేడేంటి?"

మేస్త్రీ గ్లాసులోకి చూశాడు, అందులో టీ లేదు.

"ఉన్నాడు," అన్నాడు చివరికి. "ప్రతిసారీ బావే ఉన్నాడు."

"మరి చెప్పవే?"

"ఎలా చెప్పను? అవతల మూత ఎంత దూరమని, పెరటికీ వీధికీ మధ్యేగా. బావని అక్కడ కూర్చోబెడితే కర్ర కొన కనపడగానే 'వచ్చింది, ఆపు బావా' అంటాడు. అక్కడితో కథ అయిపోతుంది. వాడుండగా నేనెప్పుడైనా ఇలా కోతలు కోశానా? ఒక్క మాట ఎక్కువ చెప్తే పక్కనుంచి కిసుక్కున నవ్వేవాడు. ఇప్పుడు ఆపమనేవాడు లేడు, నేను తోస్తూనే ఉన్నాను. ఆపితే వాడు లేడని తెలిసిపోతుంది చెల్లెమ్మా."

అక్క చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం వచ్చింది, ఆ కోపంలోనే ఈ మనిషి మీద జాలి కూడా కలిగింది. తను ఇన్నాళ్ళూ ఆకలితో పడుకున్నట్టే వీడూ పడుకున్నాడన్నమాట.

"నాకు ఊళ్ళు జరగక్కర్లేదు అన్నయ్యా," అంది. "పెరటి మూత నుంచి వీధి మూత దాకా చెప్పు. నాకదే చాలు."

పొయ్యి ఆపేసి వచ్చి బల్ల చివర కూర్చుంది. దర్జీ జరిగి చోటిచ్చాడు.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు ఎండ మండిపోతోంది. బావ నెత్తిన తడిగుడ్డ వేసుకుని వీధి మూత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇటు నేను తోశా. నాలుగో కర్రకి మెత్తగా ఏదో తగిలింది. వంటనూనె జిడ్డంతా గడ్డకట్టి ఉంది. పొడిచీ పొడిచీ చేతులు పడిపోయాయి. గుభుక్కున దిగింది, నీళ్ళు పరిగెట్టాయి. బావ ఓ కేక పెట్టాడు చూడు, ఆ కేకకి వీధి వీధంతా దడదడలాడి కిటికీలన్నీ..."

"ఆయన గొంతు అంత పెద్దది కాదు అన్నయ్యా."

మేస్త్రీ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"కాదు," అన్నాడు. "మెల్లగానే అన్నాడు. అయినా నాకు వినపడింది."