పాఠంలో వద్దన్న మాట

మళ్ళీ గోడవైపు తిరిగావా? తిరుగు. నీకేంరా, ఆ గోడకి నోరు లేదు, గిన్నె పట్టుకుని వెంటపడదు. అక్కకి నోరుంది, అదే దాని తప్పు!

చూడు, చల్లారబెట్టి తెచ్చా. కారం లేదు, పులుపు లేదు. అరటిపండు మెత్తగా చిదిమి పాలల్లో కలిపా. ఆ నోటిపూతకి ఇంతకంటే మెత్తనిది ఇంకేం చెయ్యమంటావు? ఏం, తల అడ్డంగా ఊపుతావే?

ఇవాళ శిక్షణకి నర్సులూ, ఆరోగ్య కార్యకర్తలూ హాలు నిండా వచ్చార్రా. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి అని పొద్దున్నుంచీ గొంతు పోయేలా చెప్పా. కొంచెం కొంచెంగా పెట్టండి, మాటిమాటికీ పెట్టండి, మాత్రలు తట్టుకోవాలంటే ఒంట్లో సత్తువుండాలీ అని. అందరూ చప్పట్లు కొట్టారు తెలుసా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే!

నవ్వావా? లేదూ... నొప్పా. సరే, సరే, మాట్లాడకు.

మధ్యాహ్నం చిన్న నాటకం ఆడించా. నేను పేషెంటుని, ఓ కొత్త నర్సు నాకు తినిపించాలి. పాపం, ఆ పిల్ల నేర్పినవన్నీ వరసగా చెప్పింది. నేను నోరు తెరిస్తేగా! అచ్చం నీలాగే గోడవైపు తిరిగి పడుకున్నా. చివరికి దిక్కుతోచక, "నాకోసం ఒక్క చెంచా తినండీ" అనేసింది. హాలంతా గొల్లున నవ్వారు.

ఎందుకు నవ్వరు? పొద్దున్నే బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాశాను కదా, 'నాకోసం తినండి' అని ఎప్పుడూ అనొద్దని. వాళ్ళ బాధ వాళ్ళకే మోయలేనంత ఉంది, మీ దిగులు కూడా వాళ్ళ నెత్తిన పెట్టకండీ అని.

నేనూ నవ్వినట్టే భుజాలు కదిపా. అటు తిరిగి ఉన్నాను గనక సరిపోయింది, నా మొహం ఎవరికీ కనపడలేదు.

ఈ జబ్బు మందులకి లొంగేదేరా. డాక్టరమ్మ చెప్పలా? ఈ పూతా తగ్గిపోతుంది. లొంగనిది నువ్వే. ఏం, బతకాలని లేదా? అమ్మ పోయాక నాకంటూ ఉన్నది నువ్వొక్కడివే... చూశావా, మళ్ళీ నీ నెత్తినే పెట్టేస్తున్నా.

పెద్ద పంతులమ్మనే, ఎందుకూ?

ఇదిగో, ఒక్కటే చెంచా. రేపు పొద్దున్నే వెళ్ళి బోర్డు మీద మళ్ళీ అదే రాస్తా, సిగ్గు లేకుండా. ఇవాళ్టికి మాత్రం ఇటు తిరుగు. నాకోసం తినరా, నాన్నా.