నెమళ్ల చీర ఒక్కటే

పెడనలో తమ కలంకారీ అద్దకం షెడ్డు అరుగు మీద, లాప్‌టాప్ ముందేసుకున్న కాలేజీ స్నేహితుణ్ణి ఆమె నిలదీసింది.

“నీ యాప్ నిన్న ఒకే చీరని ఇద్దరికి అమ్మేసింది. చెరిసగం చింపి పంపమంటావా?”

“ఇకమీదట అలా అవదు. చీర ఉందా అని చదవడం, అమ్మేశామని రాయడం, రెండూ క్లౌడ్‌లో ఒకే ఊపులో అయిపోతాయి. మధ్యలో ఇంకెవరైనా కొంటే మళ్లీ మొదటి నుంచి చదువుకుంటుంది.”

“చూద్దాం. ఈ నెమళ్ల చీర ఒక్కటే ఉంది. ఇద్దరం ఒకేసారి నొక్కుదాం.”

నొక్కారు.

“నాకు అమ్ముడైపోయిందని వచ్చింది. నీకే దక్కినట్టుంది.”

“నాకూ అదే వచ్చింది.”

“మరి ఎవరు కొన్నారు?”

“ఉండు, చూస్తా. గుడివాడ నుంచి... మా అమ్మ.”

ఆమెకు నవ్వాగలేదు. “ఆవిడ పట్టు తప్ప కట్టరన్నావుగా?”

“కట్టదు. మీ ఇంటికే పంపమంది.”

“ఎవరి పేరున?”

అతను ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

“‘కోడలికి’ అని ఉందేంటి? నన్నెప్పుడు అడిగావు నువ్వు?”

“ఇవాళ అడుగుదామనే వచ్చాను. అమ్మ నాకంటే ముందే నొక్కేసింది. క్యాన్సిల్ చెయ్యనా?”

“అక్కర్లేదు. కొరియరూ అక్కర్లేదు,” అంటూ ఆమె చీర మడత విప్పి భుజాన వేసుకుంది.