కోసినవాడి వంతు

బాంబర్ విమానాన్ని కూల్చి జర్మన్లు పట్టుకుపోయిన భర్త, ఏడాది చెర తర్వాత నెబ్రాస్కాలోని ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. రొట్టెను కళ్లతోనే కొలుస్తూ కోస్తున్నాడు. ఆమె చూస్తోంది.

“ఏంటయ్యా, వజ్రాలు కోస్తున్నావా?”

“అక్కడ ఒక్క రొట్టె ఏడుగురికి. కోసినవాడు ఆఖర్న మిగిలిందే తీసుకోవాలి. అందుకే ఎవడూ మోసం చెయ్యడు.”

“ఇక్కడున్నది మనిద్దరమే. రోజూ ముందు నాకిచ్చి, మిగిలింది తింటున్నావు. నువ్వింకా అక్కడే ఉన్నట్టుంది నాకు.”

“చెయ్యి అలవాటుపడిపోయింది.”

“కత్తి ఇటివ్వు.”

ఆమె కావాలనే ఒక ముక్క పెద్దగా, ఒకటి చిన్నగా కోసింది.

“సమానంగా లేవే!”

“కోసింది నేను. మీ పద్ధతే కదా, ముందు నువ్వు తియ్యి.”

అతని చెయ్యి చిన్న ముక్క దగ్గర ఆగి, పెద్దదాన్ని అందుకుంది.

“వెన్న ఎక్కడ దాచావే?”