చూడకుండా కొట్టే కీబోర్డు

జమ్మలమడుగు కోర్టు ఎదురుగా ఇరవై ఏళ్లుగా టైపు కొట్టి బతుకుతున్న ఆదినారాయణ, రిపేరుకిచ్చిన పాత కీబోర్డు కోసం ఈ నెలలో మూడోసారి బస్సెక్కి ప్రొద్దుటూరులో నూరుల్లా అంగడికి వచ్చాడు. ఆ కీబోర్డు లేక ప్రాణం పోతోందని దారిలో కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఎందుకు పోతోందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఇంగా కాలేదు మామా. స్విచ్చు దొరకలేదని చెప్తాండా గదా."

"పోయినసారీ ఇదే మాట. ఒక్క స్విచ్చు గదప్పా పోయింది. కింద ప్లేటు ఇనుముది, అది వంగలేదు. అక్షరాలు అచ్చుపోసినవి, అవి చెరగలేదు. బ్యాంకోళ్లు పాతసామాన్లలో కుప్పేసి అమ్మితే తెచ్చుకున్యా. ఆరేండ్లు కొట్టినా దాని మీద."

"నేనిచ్చి పంపిన కొత్తది బాగల్యా?"

"అది కీబోర్డా నూరుల్లా? ఉప్మా ముద్ద. లోపలంతా రబ్బరు షీటు. నొక్కితే దిగబడి పోతాది, అక్షరం పడిందో లేదో వేలికి తెలీదు. నాది అట్ల గాదు. ఒక్కో అక్షరానికి ఒక్కో స్ప్రింగు. సగం దూరం పోతానే టక్కుమంటాది. పడింది పో, ఇంగోటి కొట్టు అని చెప్పినట్టు."

"ఆ టక్కు కోసరం మూడుసార్లు బస్సెక్కినావా?"

"టైపు నేర్చుకున్నోనికి తెలుస్తాది ఆ బాధ."

"నాలుగు దినాలు కొడితే అదే అలవాటైతాది మామా."

"యాడ అలవాటయ్యేది? లైను కొట్టినప్పుడల్లా తలెత్తి స్క్రీను చూడాల. దీర్ఘం పడిందా, ఒత్తు పడిందా అని. చూస్తే..."

"చూస్తే?"

"చదవాల్సొస్తాది."

"చదివితే ఏమి?"

"టీ చెప్పవా, గొంతెండిపోయింది."

"చెప్తా. చదివితే ఏమి?"

"నేను ఎప్పుడూ చదవలేదప్పా. మాకు నేర్పిచ్చిందే అది. చిత్తు పక్కన పెట్టుకో, కన్ను దాని మీద, వేళ్లు బోర్డు మీద, అర్థంతో నీకు పనిలేదు. ఏ పార్టీవోళ్లు వచ్చినా కొట్టిచ్చినా. ఎవురి మాటా ఇంగొకరికి మోయలేదు. అందుకే ఇంతవరకూ నా అంగడి మీద ఒక రాయి పడలేదు."

"ఇప్పుడేం చదివినావు?"

"ఏమీ లేదు."

"మామా."

"పోయిన మంగళవారం పులివెందుల రోడ్డులో ఒగాయప్పను నరికినారు గదా."

"ఊ."

"మర్నాడు ఆయప్ప పార్టీవోళ్లు నా కాడ ఫిర్యాదు కొట్టిచ్చుకున్యారు. పద్నాలుగు పేర్లు. నరికినోళ్లు నలుగురో అయిదుగురో ఉంటారు. మిగతావి ఎట్ల నిండుతాయో నీకు తెలుసు. ఎదురు పార్టీకి ఓటేసినోడు, పిలిస్తే రానోడు..."

"తెలుసు."

"ఆ ముద్ద బోర్డు మీద ఒక పేరుకు ఒత్తు పడలేదు. దిద్దేకని తలెత్తినా. కుళ్లాయప్ప."

"ఏ కుళ్లాయప్ప?"

"గొర్లోడు. అంకాలమ్మ మొగుడు."

"వాడు నరికినాడా?"

"వాడు యాడ నరుకుతాడప్పా. ఆ మంగళవారం నా అంగట్లోనే ఉండె."

"ఎన్ని గంటలకు?"

"పదికొచ్చినాడు, గొర్ల లోనుకు అర్జీ కావాలని. కరెంటు పాయ. రెండున్నరకు గానీ రాలేదు. అంతసేపూ నా బెంచీ మీదనే కూచున్యాడు. నా చెంబులోనే నీళ్లు తాగినాడు."

"నరికింది ఎన్ని గంటలకంట?"

"పగలు పన్నెండుకు. నేనే కొట్టినా గదా ఆ ముక్క."

"అయినా దిద్దిచ్చినావు."

"దిద్దిచ్చినా. నాలుగు కాపీలూ తీసిచ్చినా. ఎనకాల ముగ్గురు నిలబడుకోని ఉండిరి. శుక్రవారం వాణ్ణి తీసకపోయినారు. అంకాలమ్మ వచ్చి కాళ్లు పట్టుకునె. నీ కాడ ఉన్యాడని వకీలు సారుకు ఒక్క మాట చెప్పన్నా అనె."

"ఏమంటివి?"

"అంగడికి శానా మంది వస్తారమ్మా, నేను మొగాలు చూడను అంటి."

"ఎందుకట్లంటివి?"

"భయం నూరుల్లా. ఇంగేం కాదు, భయం. సాక్ష్యం చెప్పినాక ఆ ఊర్లో అంగడి తెరవనిస్తారా నన్ను? కానీ అన్నం ముందర కూచుంటే ఆ పేరే కనపడతాంది. నా బోర్డు నాకియ్యప్పా. మళ్లా చూడకుండా కొట్టుకుంటా. నేనడిగేది అదొక్కటే."

"బోర్డు బాగై నెలాయ మామా."

"ఏందీ?"

"నువ్విచ్చిన మర్నాడే చేసినా. అదో, ఆ అట్టపెట్టెలో ఉండాది. శానా గట్టి సామాను. మూడేండ్ల కింద ఇట్లాంటిదే ఇంగో ఖూనీ ఫిర్యాదులో మా అన్న పేరు కొట్టింది గూడా దాని మీదనే."

"మీ అన్న పేరా? నేనా కొట్టింది?"

"తొమ్మిదో పేరు. ఆ ఖూనీ జరిగిన పొద్దు అన్న ఈడ, నా పక్కన కూచోని సోల్డరింగు చేస్తాండె. తమ్ముడి మాట ఎవురు నమ్ముతారు? ఇంగా కడప జైల్లోనే ఉండాడు. మా వదిన ఖమర్‌బీ నీ కాడికొచ్చి అడిగింది, ఈయన పేరు ఎట్లొచ్చిందన్నా అని. నేను చదవలేదమ్మా అంటివంట."

"నిజంగా చదవలేదప్పా. నా బిడ్డల మీద ప్రమాణం."

"నమ్ముతాండా మామా. అప్పుడూ నమ్మినా. అందుకే నీకు రబ్బరుది ఇచ్చి పంపిస్తి."

"నూరుల్లా, నువ్వు కావాలనే..."

"అంకాలమ్మక్కా, ఆ తెర ఎనకాల నుంచి వకీలు సారును పిల్చుకోని ముందరికి రా. పది నుంచి రెండున్నర దాకా బెంచీ మీదనే ఉన్యాడంట, ఇద్దరూ ఇన్యారు గదా."