నెత్తళ్ల గంప ముందు పద్మనాభయ్య సారు

పంతొమ్మిది వందల తొంభై నాలుగో సంవత్సరం జూలై ఇరవయ్యో తేదీ, బుధవారం నాడు, గూడూరు సమీపంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో శ్రీ పద్మనాభయ్య గారు విధుల్లో చేరారు. ఆనాటికి ఆ పాఠశాలకు తలుపు ఉంది గాని తాళం లేదు, గంట ఉంది గాని కొట్టడానికి కర్ర లేదు. వెంకటాచలం దగ్గర వరిసేద్యం చేసే కుటుంబంలో పుట్టిన వారు కనుక, లేనిదాన్ని తలుచుకుని కుమిలిపోవడం వారికి చేతకాదు. తలుపుకు తాడు కట్టి, గంటను రాతితో మోగించి, ఆ ఉదయమే ఒకటో ఎక్కం మొదలుపెట్టారట.

అక్కడినుండి కావలి వైపు బదిలీ అయ్యాక, పిల్లలకు డబ్బు లెక్క నోటితో చెబితే తలకెక్కదని, తరగతిలోనే ఒక కొట్టు పెట్టారు. ఖాళీ సబ్బుపెట్టెలు సరుకు, అట్టముక్కలు నోట్లు, చింతగింజలు చిల్లర. ఒక్కో సరుకు మీద ధర రాసి ఉంటుంది. పిల్లవాడు వచ్చి, ధరలు కూడి, నోటు ఇచ్చి, మిగిలినది తీసివేతతో లెక్కగట్టి తీసుకోవాలి. చూసిన పెద్దలందరూ మెచ్చి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ పత్రాన్నీ, ఆ కొట్టునూ వెంటబెట్టుకుని రెండువేల పదకొండులో సారు మన కొత్తదిబ్బపాళెం బడికి దయచేశారు.

మనది చేపలు పట్టి, చేపలు అమ్మి బతికే ఊరు. ఇక్కడి బిడ్డ నడక నేర్చేలోపే బేరం నేర్చుకుంటుంది. ఆ సంగతి సారుకు మొదటిరోజే అనుభవంలోకి వచ్చింది.

"శివా, సబ్బు పన్నెండు రూపాయలు. నువ్వు ఇరవై ఇచ్చావు. నీకు ఎంత రావాలి?"

"పన్నెండు ఎవురిస్తారు సార్. పదికియ్యండి."

"ధర పన్నెండే నాయనా, దానిమీద రాసి ఉంది."

"అట్టయితే నాకొద్దులే సార్, ఇంకో అంగట్లో చూసుకుంటా" అని శివ పోయి తన పలక ముందు కూర్చున్నాడు. కొట్టులో కూర్చున్న పిల్లలైతే మరీ ధర్మాత్ములు. బోణీ బేరం పోగొట్టుకోకూడదని అడిగినంతకే ఇచ్చేవారు, ఆపైన కొసరుగా గుప్పెడు చిల్లర కూడా వేసేవారు. సాయంకాలానికి కొట్టులో సరుకూ లేదు, డబ్బాలో డబ్బూ లేదు. అందరి మొహాల్లోనూ సంతోషమే, సారు మొహంలో తప్ప.

దాంతో వారు 'చెప్పిన ధరే ధర' అని గట్టి నియమం పెట్టారు. ఆ నియమాన్ని అందరికంటె బాగా పట్టుకున్నది మూడో తరగతి గంగాభవాని. సారు ఆ బిడ్డకు తరగతి అంతటి చేతా చప్పట్లు కొట్టించారు. ఆ ఆదివారమే సంతలో ఆమె తల్లి అంకాలమ్మ, గంప ముందు బిడ్డను కూర్చోబెట్టి టీ తాగడానికి వెళ్లింది. వచ్చినవాళ్లందరికీ గంగాభవాని ఒకటే మాట: "చెప్పిన ధరే ధర." బేరం లేదు, కొసరు లేదు. జనమంతా పక్క గంపకు పోయారు.

సోమవారం పొద్దున్నే అంకాలమ్మ బిడ్డను రెక్క పట్టుకుని బడికి వచ్చింది. "సార్, నా బిడ్డ బడికి రాకముందు బేరం తెలిసిన పిల్ల. మీరు చెడగొట్టినారు. ఇంక రాదు."

"అమ్మా, ఆమెకు లెక్కలు వచ్చాయి."

"లెక్కలొచ్చినాయి, చేపలకి వాసనొచ్చింది. ఏం జేసుకోమంటారు?"

చదువులో అంత చురుకైన బిడ్డ గంపకు అతుక్కుపోతుందని సారు ప్రాణం కొట్టుకుంది. ఒక్క వారం గడువు అడిగి, వచ్చే ఆదివారం తానే సంతకు వచ్చి కూర్చుని, చెప్పిన ధరకే అమ్మి చూపిస్తానన్నారు. జన్మలో చేప ముట్టని మనిషి, తెల్లపంచె కట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, అన్నట్టే వచ్చి నెత్తళ్ల గంప ముందు ఆసీనులయ్యారు.

"కుప్ప ఎంతయ్యా?" అన్నది ఒకామె.

"నూట యాభై రూపాయలు తల్లీ. ఇది న్యాయమైన ధర. ఎందుకంటే..."

"నేనడిగింది ధర, హరికథ కాదు" అని ఆమె లేచి పోయింది. రెండో ఆమె గదిమి అడిగేసరికి కంగారుపడి ఎనభైకే కుప్ప ఇచ్చి, పైన రెండు గుప్పెళ్లు కొసరు వేశారు. అంకాలమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ నాయన పొలం మీ చేతికియ్యకుండా మంచిపని చేసినాడు సార్."

అంతలో ఒకామె అయిదువందల నోటుతో వచ్చింది. పెద్ద నోటు చూస్తే అంకాలమ్మ చిల్లర లేదని పంపేసేది. చిల్లర కొంగుముడిలో ఉండేది, తిరిగి ఎంతివ్వాలో మాత్రం తెలిసేది కాదు. ఆనాడూ ఆ మాటే అనబోయింది. ఈలోగా పక్కనే ఉన్న గంగాభవాని, సారు నియమాన్ని పక్కనబెట్టి బేరం అందుకుంది. నూటయాభై చెప్పిన నెత్తళ్ల కుప్పను నూటఇరవైకి తెంచి రెండు కుప్పలు కట్టింది, నూటముప్పైకి రొయ్యలు అంటగట్టింది. "మొత్తం మూడొందల డెబ్బై. ఇదిగో ముప్పై, నాలుగొందలైంది. ఇదిగో నూరు, అయిదొందలైంది" అని చిల్లర చేతిలో పెట్టి, చివరన నాలుగే నాలుగు నెత్తళ్లు కొసరు వేసింది.

అంకాలమ్మ ఆ నోటును అటూ ఇటూ తిప్పి చూసుకుని కొంగున ముడివేసుకుంది. "రేపట్నించి బడికి తోలతాలే సార్. మీరు మాత్రం సంతకి రాబాకండి."

మరునాటినుండి మన బడికొట్టులో ముందు బేరం, ఆ తర్వాతే తీసివేత. తనిఖీకి వచ్చిన అధికారి గారు లెక్క అడిగి, పిల్లలు ధర తగ్గించమంటే తెల్లబోతే, "బేరం తెగనివ్వండి సార్, లెక్క దానంతట అదే వస్తుంది" అని సారు వినయంగా విన్నవించారు. నడుమ ఒకసారి బదిలీ అయినా, ప్రధానోపాధ్యాయులుగా తిరిగి మన ఊరికే వచ్చి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

గంగాభవాని కావలిలో డిగ్రీ ముగించి, ఇప్పుడు రొయ్యల కంపెనీలో జమాఖర్చులు చూస్తున్నది. సారుకు కప్పే శాలువాను నెల్లూరు వెళ్లి తానే కొన్నది. అంకాలమ్మ కూడా వెంట వెళ్లింది. ఆ కొట్టువాడి గతి ఏమైందో తల్లీకూతుళ్లు చెప్పలేదు, మనం అడగలేదు. శాలువా మాత్రం మేలైనది, చలికాలాలు చాలా ఆగుతుంది. శ్రీ పద్మనాభయ్య గారు తమ ధర్మపత్ని శ్రీమతి కామాక్షి గారితో కూడి, కీళ్లనొప్పులు లేకుండా, కంటిచూపు తగ్గకుండా, అది చిరిగి ఇంకొకటి కొనవలసిన రోజు వచ్చేదాకా చల్లగా ఉండాలని, ఆ రెండోది కూడా ఈ ఊరి బిడ్డలే బేరమాడి తేవాలని, పాఠశాల కుటుంబమంతా మనసారా కోరుకుంటున్నది.

— వెంకటశేషమ్మ, మధ్యాహ్న భోజన వంటమనిషి, కొత్తదిబ్బపాళెం బడి