అన్నిటికీ ఒప్పుకున్న ఇంటాయన

మేడమీద వాటా ముందుగదిలో ముగ్గురున్నారు: అక్కడే కాపురముంటూ బట్టలు కుట్టే దర్జీ ఆవిడ, ఇంటి యజమాని, అద్దె తగాదా తేల్చడానికి మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు. ఇంటాయన ఇవాళ మరీ మెత్తగా ఉన్నాడు. అది ఆవిడకి మింగుడుపడటం లేదు.

"...అదే సార్ నేననేది. మొదట ఖాళీ చెయ్యమన్నారు, చెయ్యనన్నాను. ఇప్పుడేమో అద్దె రెట్టింపంటున్నారు. ఈ కొంపకా?"

"ఏం బాగాలేదో చూపించమ్మా. దాన్నిబట్టే అద్దె తేలుస్తాం."

"చూపించు తల్లీ. మొహమాటపడకు."

"మీరు కాదనరా బాబాయ్ గారూ?"

"ఉన్నది చెబితే కాదనడానికేముంది?"

"సరే. ఇదిగో సార్, ఈ గోడ. వానొస్తే కారుతుంది."

"కారుతుంది సార్. నిజమే."

"మెట్లు కదులుతున్నాయి. మా అత్తగారు కిందికి దిగి ఎన్నాళ్లయిందో."

"పాపం, పెద్దావిడ. ఆ దూలం సంగతి కూడా చెప్పు."

"దూలమా? అది... కొంచెం బీట తీసింది సార్, అంతే."

"కొంచెమేంటమ్మాయ్? మొన్న నువ్వేగా అన్నావు, మిషన్ తొక్కితే పైనుంచి మట్టి రాలుతోందని?"

"అన్నాను. అద్దె తగ్గిస్తారేమోనని కాస్త ఎక్కువ చేసి..."

"రాలుతోందా లేదా అమ్మా?"

"...రాలుతోంది సార్."

"ఏదీ, ఒకసారి తొక్కు."

"ఇప్పుడెందుకు సార్?"

"తొక్కు తల్లీ. నీ మంచికే."

"తొక్కుతున్నా. చూడండి, పెద్దగా ఏం..."

"ఆపు. ఆపమ్మా. ఇటు జరుగు, దాని కింద నిలబడకు."

"జరిగాను. సార్, అద్దె తగ్గించకపోయినా ఫర్వాలేదు, పాతదే ఉంచండి. నా గిరాకీ అంతా ఈ వీధిలోనే. అత్తగారు మంచం దిగలేరు. మేం ఎక్కడికీ పోలేం."

"ఇక అద్దె మాటెక్కడిదమ్మా? ఇది మనుషులుండే ఇల్లు కాదు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలి."

"ఖాళీయా? నేను ఫిర్యాదు చేసింది అద్దె గురించి సార్."

"నువ్వు చెప్పిందీ నేను చూసిందీ ఒకటే. చూశాక ఊరుకోలేను."

"బాబాయ్ గారూ, మీరైనా చెప్పండి. రెట్టింపు ఇస్తాను. ఇవాళే ఇస్తాను."

"నీ అద్దె నాకెందుకు తల్లీ? పెంచకపోతే నువ్వీ సారుని పిలిచి, నీ చేత్తో నువ్వే తలుపు తీసేదానివా?"